దొంగజేబు

కృష్ణానగర్‌ల విగ్గుల దుకాణం పక్కసందు,
మెట్ల కింద నా మిషను.
పైన మెస్సుల పప్పు తాలింపు ఏసినప్పుడల్లా
నా కొలతల పుస్తకం సుత తుమ్ముతది.

అండ్ల ఇరవై రెండో పేజీ:
ఎల్లేశ్. నారాయణఖేడ్. నడుము ముప్పై నాలుగు.
అడ్వాన్సు యాభై, బాకీ నూట ఇరవై.
ఆ బాకీ బదులు నిలబడిన కాడనే ఒక పాట పాడిండు.
కాజాలు కుట్టే పోరడు సూది ఆపి విన్నడు.
పుస్తకంల మాత్రం బాకీ బాకీగనే ఉన్నది.

నాలుగేండ్లకు కొత్త పేజీ:
ఈశాన్ సార్.
పేరు మార్చింది ప్రొడ్యూసరు,
కొట్టేసి రాసింది నేను.
మెట్రో పిల్లర్ల మీద పొడుగూత ఆయన మొఖమే.
అయినా కొలతలకు నా తానకే వచ్చెటోడు,
రాత్రి పదకొండు దాటినంక,
కారు మెయిన్‌రోడ్డు మీద వదిలి, టోపీ కిందికి గుంజుకొని.

ముప్పై రెండు.
డైటింగా సారూ అంటే నవ్విండు.
ముప్పై.
"భుజాలల్ల దూది పెట్టు అంబన్నా,
స్టేజీ మీద పుల్ల లెక్క కొడుతున్ననంట."
పెట్టిన.
గచ్చిబౌలి స్టేడియంల లైట్ల కింద
జనం ఏసిన ఈలలు సగం నా దూదికే.

మే నెల, తారు చెప్పులకంటుతున్నది,
ఆయనకేమో నిండు చేతులు కావాలె, మణికట్టుకు బొత్తాలు.
మా బాసల సూదికి రెండర్థాలు,
దర్జీదొకటి, దవాఖానది ఒకటి.
మూడోదుంటదని ఆ ఎండకాలం తెలిసింది.
టేపు మోచేతి దాకా పోంగనే
చెయ్యి గుంజుకున్నడు, ఇస్త్రీపెట్టె తాకినట్టు.

అటెన్క ఒకనాడు మెల్లగ అడిగిండు:
"నడుంపట్టీ లోపల చిన్న జేబు,
రెండు వేళ్లు పట్టేటంత. బయటికి తెల్వొద్దు."

దేనికని అడగలే.
నేను చెప్పాలనుకున్న మాట ఇదొక్కటే, మిగతాదంత సొల్లు.
అడగలే.
ముప్పై ఏండ్లల్ల కుట్టిన జేబులల్ల
అంత సాపుగ కుదిరింది ఇంకోటి లేదు.
కూలికి నాలుగింతలిచ్చిండు.
ఆ పైసలతోనే బిడ్డ ఇంటర్ ఫీజు కట్టిన.

ఏదో పబ్బు, తెల్లారి నాలుగు.
టీవీ కింద ఎర్రపట్టీల పేర్లు ఉరుకుతున్నయి.
మెస్సుల జూనియర్ ఆర్టిస్టులు అన్నం కలుపుకుంట
"పైసలు కొవ్వెక్కితే గింతే" అన్నరు.
ఫైటర్ జాంగీరు ఒక్కడే తల ఎత్తకుండ,
"రోజుకు మూడూర్లు తిప్పిరి.
పండనీకి ఒక గోలీ, లేవనీకి ఒకటి.
మొదటిది ఎవడిచ్చిండో టీవీల చెప్పరు" అన్నడు,
మజ్జిగ ఇంకింత పోయమన్నడు.

మొన్న వాళ్ల అక్క భూలక్ష్మి వచ్చింది,
కవరుల రెండు తెల్ల పైజామాలు.
"మొయినాబాద్ అవుతల సెంటర్ల ఉన్నడన్నా,
నాడాలు ఉండొద్దంటున్నరు. ఎలాస్టిక్ ఎయ్యాలె."
నాడా ఎందుకొద్దని ఈసారి అడిగిన.
ఆమె నా మొఖం చూసి, ఫ్యాను దిక్కు చూసి, తల దించుకుంది.

నడుమెంత?
రెండు చేతులు గాలిల పెట్టి చూపింది.
ఆ గాలి చుట్టు టేపు పట్టిన.
ఇరవై ఆరు.

నాడాలు గుంజేసిన.
రెడీమేడ్ జేబులు రెండూ మూసి కుట్టిన.
నడుము కుదించిన గానీ కత్తెర ముట్టలే.
ఎదిగే పోరగాండ్లకు వదిలినట్టు
మిగిలిన గుడ్డంత లోపటికే మడిచిపెట్టిన,
ఎప్పుడంటే అప్పుడు ఇప్పుకోవచ్చు.

"ఎంతైందన్నా?"
పుస్తకం తీసి ఇరవై రెండో పేజీ చూపించిన.
"దీనికేం వద్దమ్మా. పాతది నూట ఇరవై ఉన్నది.
ఎల్లేశ్‌నే వచ్చి కట్టమను."